‘పుట్ మై వోట్’ అనవచ్చా?

ప్రశ్న: నేను కామారెడ్డి జిల్లాలోని ఒక పల్లెలో తెలుగు మాధ్యమంలో చదువుకొని, ఇప్పుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికల పోలింగుకు మా ఊరు వెళ్ళి వచ్చాను. మరునాడు విదేశంలోని సహోద్యోగులతో మాట్లాడుతున్నప్పుడు, నిన్న ఎందుకు రాలేదని ఒకాయన అడిగితే, ‘ఐ వెంట్ టు మై నేటివ్ టు పుట్ మై వోట్’ అన్నాను. ఆయనకు అర్థం కాక మళ్ళీ అడిగారు. ఎవరికి వేశావని పక్కనున్న అమ్మాయి అడిగినప్పుడు ‘ఐ వోటెడ్ టు’ అని మొదలుపెట్టి, అది కూడా తప్పేమోనన్న అనుమానంతో ఆగిపోయాను. అందరూ వాడే ఇంత చిన్న మాట నాకెందుకు పట్టుబడడం లేదు? కొత్తగా ఓటు వచ్చిన మా తమ్ముడు ‘ఐ గాట్ వోట్’ అంటున్నాడు, అది సరైనదేనా? దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: మీ ఉత్తరం చదివాక నాకు ముందుగా తోచింది ఏమిటంటే, మీరు చేసిన పొరపాటు ఇంగ్లీషు రాకపోవడం వల్ల జరిగినది కాదు, తెలుగు బాగా రావడం వల్ల జరిగినది. ‘ఓటు వేయడానికి’ అన్న మాటను మీరు ముక్కముక్కగా ఇంగ్లీషులోకి మార్చారు. ‘ఓటు’కు ‘వోట్’ వచ్చింది, ‘వేయు’కు ‘పుట్’ వచ్చింది, ‘ఆయనకు’లోని ‘కు’ అన్న విభక్తికి ‘టు’ వచ్చింది. మూడింటిలో ఏదీ నిఘంటువు ప్రకారం తప్పు కాకపోయినా, మూడూ కలిసేసరికి వాక్యం ఇంగ్లీషు వాక్యం కాకుండా పోయింది. ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు పాఠం చెప్పిన అనుభవంతో అంటున్నాను, ఈ మాట దగ్గర తడబడని తెలుగు విద్యార్థిని నేను అరుదుగా చూశాను. కాబట్టి సిగ్గుపడవలసిన పని లేదు.

తెలుగులో ‘ఓటు’ నామవాచకం మాత్రమే. దానితో ఒక పని జరగాలంటే పక్కన ‘వేయు’ అన్న క్రియ తోడు రావాలి. తాళం వేస్తాం, సంతకం పెడతాం, సెలవు పెడతాం, ఓటు వేస్తాం. ఇంగ్లీషులో ఇలాంటి చాలా మాటలకు ఆ తోడు అక్కరలేదు, ఎందుకంటే నామవాచకమే క్రియగా కూడా పనిచేస్తుంది. తాళం వేయడమంతా ‘లాక్’ అన్న ఒక్క క్రియలో ఉంది, ‘పుట్ ద లాక్’ అనరు. సంతకం పెట్టడమంతా ‘సైన్’ అన్న ఒక్క క్రియలో ఉంది. అలాగే ఓటు వేయడమంతా ‘వోట్’ అన్న ఒక్క క్రియలో ఉంది. ‘ఐ వోటెడ్ యెస్టర్‌డే’ అంటే ‘నేను నిన్న ఓటు వేశాను’ అని పూర్తి అర్థం వచ్చేస్తుంది. ‘హ్యావ్ యూ వోటెడ్?’ అంటే ‘ఓటు వేశారా?’ అని. దీనికి ముందు ‘పుట్’ గానీ, ‘గివ్’ గానీ, వెనుక ‘మై వోట్’ గానీ చేర్చనక్కరలేదు. మీరు ఆ రోజు చెప్పదలచుకున్న మాట ‘ఐ వెంట్ హోమ్ టు వోట్’ అన్న అయిదు మాటల్లో ఇమిడిపోయేది. ‘నేటివ్’ అన్నది మన దేశంలో సొంతూరికి వాడుకలోకి వచ్చిన మాటే గానీ, బయటి దేశాలవారికి అది ‘స్థానికుడు’ అన్న అర్థంలోనే తెలుసు కాబట్టి, ‘హోమ్’ అనడమో, ‘మై హోమ్‌టౌన్’, ‘మై విలేజ్’ అనడమో మేలు. మీ మాట ఆయనకు అర్థం కాకపోవడానికి సగం కారణం ఈ ‘నేటివ్’ కావచ్చు.

అయితే ‘వేయు’ అన్న భావం మీ మనసును వదలకపోతే దానికి ఇంగ్లీషులో సరిజోడు లేకపోలేదు. అది ‘పుట్’ కాదు, ‘కాస్ట్’. వల వేయడాన్ని ‘కాస్ట్ ఎ నెట్’ అంటారు, లంగరు వేయడాన్ని ‘కాస్ట్ యాంకర్’ అంటారు, ఓటు వేయడాన్ని ‘కాస్ట్ ఎ వోట్’ అంటారు. మూడు చోట్లా మనకు ‘వేయు’, మూడు చోట్లా వాళ్ళకు ‘కాస్ట్’. రెండు భాషలూ ఒకే చేతి కదలికను చూసి మాట కట్టినట్టుగా నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో, అంటే 1951-52లో, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు అతికించి ఉండేది. ఓటరు తన చీటీని తనకు నచ్చినవారి పెట్టెలో వేసి వచ్చేవాడు. ఆ రోజుల్లో ‘వేయడం’ అక్షరాలా వేయడమే. ఇప్పుడు యంత్రం మీద మీట నొక్కుతున్నా మాట మారలేదు, ఇంగ్లీషులో కూడా మారలేదు. కాబట్టి ‘ఐ కాస్ట్ మై వోట్ ఇన్ మై విలేజ్’ అని మీరు నిస్సంకోచంగా అనవచ్చు. ఇది కొంచెం లాంఛనంగా ఉండే మాట. వార్తల్లోనూ ప్రసంగాల్లోనూ ఎక్కువగా వినిపిస్తుంది. తోటివారితో మాట్లాడేటప్పుడు ‘ఐ వోటెడ్’ అన్నదే సహజంగా ఉంటుంది.

ఈ ‘కాస్ట్’ దగ్గర రెండు గుంతలున్నాయి, రెండింటిలోనూ చదువుకున్నవాళ్ళే పడుతుంటారు. మొదటిది భూతకాలం. ‘కాస్ట్’ అన్న క్రియ నిన్నటికీ, నేటికీ ఒకే రూపంలో ఉంటుంది. పోలింగ్ రోజు సాయంత్రం సామాజిక మాధ్యమాల్లో సిరా గుర్తున్న వేలి ఫొటో కింద ‘ఐ కాస్టెడ్ మై వోట్’ అని రాసినవి కనిపిస్తుంటాయి. ‘కాస్టెడ్’ అన్న రూపం ప్రామాణిక ఇంగ్లీషులో లేదు. ‘ఐ కాస్ట్ మై వోట్ యెస్టర్‌డే’, ‘ఐ హ్యావ్ కాస్ట్ మై వోట్’ అనే రాయాలి. రెండోది స్పెల్లింగు. ఓటు వేయడానికి సంబంధించిన ‘కాస్ట్’ సి, ఏ, ఎస్, టి అన్న నాలుగు అక్షరాలతో ముగుస్తుంది. దాని చివర ఇ అన్న అక్షరం చేరితే అది ‘కులం’ అవుతుంది. ఉచ్చారణలో రెండింటికీ తేడా లేదు కాబట్టి చెవి మనలను కాపాడదు, కన్నే కాపాడాలి. మన దేశంలో ఎన్నికల గురించి రాసే వాక్యంలో ఆ ఒక్క అక్షరం ఎక్కువైతే అర్థం ఎక్కడికి పోతుందో నేను చెప్పనక్కరలేదు. ఉద్యోగ దరఖాస్తులోనో, వ్యాసంలోనో రాసేటప్పుడు దీన్ని తప్పక సరిచూసుకోండి.

ఇక మీరు సగంలో ఆపేసిన ‘ఐ వోటెడ్ టు’ సంగతి. తెలుగులో ‘ఆయనకు ఓటు వేశాను’ అంటాం కాబట్టి, ‘కు’ చోట ‘టు’ రావాలని మనసు చెబుతుంది. కానీ ‘వోట్’ క్రియగా ఉన్నప్పుడు మనిషి పేరుకు ముందు రావలసింది ‘ఫర్’. ‘ఐ వోటెడ్ ఫర్ హర్’ అంటే ఆమెకు ఓటు వేశాను. ఈ ‘ఫర్’లో ‘తరఫున, పక్షాన’ అన్న భావం ఉంది. ఇంగ్లీషువాడి దృష్టిలో ఓటు ఒకరికి చేరవేసే వస్తువు కాదు, ఒకరి పక్షాన నిలబడే చర్య. అందుకే దానికి ఎదురుమాట ‘ఎగెయిన్‌స్ట్’. ‘షి వోటెడ్ ఎగెయిన్‌స్ట్ ద బిల్’ అంటే ఆమె ఆ బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేసింది. ఎటు వేశారో చెప్పకుండా, ఏ విషయం మీద ఓటింగు జరిగిందో మాత్రమే చెప్పాలంటే ‘ఆన్’ వాడతారు. ‘ద లోక్‌సభ వోటెడ్ ఆన్ ద బిల్’ అన్న వాక్యంలో బిల్లు నెగ్గిందో వీగిందో తెలియదు, ఓటింగు జరిగిందని మాత్రమే తెలుస్తుంది. పత్రికలు చదివేటప్పుడు ఈ చిన్న మాటను గమనించకపోతే వార్త తలకిందులుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది.

అలాగని ‘వోట్’ పక్కన ‘టు’ ఎప్పుడూ రాకూడదని అనుకోకండి. మనిషి పేరు కాకుండా ఒక పని వెనుక వస్తున్నప్పుడు ‘టు’ వస్తుంది. మీరుండే అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో నెలవారీ నిర్వహణ రుసుమును 2,500 రూపాయల నుంచి 3,000 రూపాయలకు పెంచాలని ఎక్కువమంది నిర్ణయించారనుకోండి. ‘ద మెంబర్స్ వోటెడ్ టు ఇంక్రీజ్ ద మెయింటెనెన్స్ ఫీ’ అనాలి. ఇక్కడ ‘టు ఇంక్రీజ్’ అంటే ‘పెంచాలని’. మరొక సందర్భం కూడా ఉంది. ‘వోట్’ నామవాచకంగా నిలిచి, దాని పక్కన ‘గివ్’, ‘గో’ వంటి క్రియ ఉన్నప్పుడు మన ‘కు’కు ‘టు’ సరిగ్గానే సరిపోతుంది. ‘మై వోట్ గోస్ టు హర్’ అంటే ‘నా ఓటు ఆమెకే’. ‘ఐ గేవ్ మై వోట్ టు హిమ్’ కూడా తప్పు కాదు. అంటే తప్పు ‘టు’లో లేదు, ‘వోటెడ్’ అన్న క్రియ వెనుకే మనిషి ముందు దాన్ని పెట్టడంలో ఉంది. మీరు వాడిన ‘పుట్’ సంగతీ అంతే. ఒక విషయం మీద సభ్యుల అభిప్రాయం అడిగి ఓట్లు లెక్కించడాన్ని ‘పుట్ ఇట్ టు ద వోట్’ అంటారు. మనం ‘ఓటింగుకు పెట్టడం’ అనేది సరిగ్గా ఇదే. ఆ రోజు మీ నోట వచ్చిన ‘పుట్’, ‘టు’ అనే రెండు మాటలకూ ఇంగ్లీషులో ‘వోట్’ పక్కనే న్యాయమైన చోటు ఉంది, కాకపోతే అది అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి కూర్చునే చోటు గానీ ఓటరు నిలబడే చోటు కాదు.

మీ తమ్ముడి ప్రశ్నకు వస్తాను. నిజానికి అతని ప్రశ్న మీ ప్రశ్న కంటే లోతైనది. మనం ‘ఓటు’ అన్న మాటను కనీసం మూడు నాలుగు అర్థాల్లో వాడతాం. ‘మా వాడికి ఓటు వచ్చింది’ అన్నప్పుడు ఓటు అంటే హక్కు. ‘నా ఓటు ఊళ్ళో ఉంది’ అన్నప్పుడు ఓటు అంటే జాబితాలో నమోదైన పేరు. ‘నా ఓటు గల్లంతయింది’ అన్నప్పుడూ అంతే. ‘నా ఓటు ఎవరో వేసేశారు’ అన్నప్పుడు అది వినియోగించుకోవలసిన అవకాశం. ఈ నాలుగింటినీ ‘వోట్’ అన్న ఒక్క మాటతోనే ఇంగ్లీషులో చెప్పబోతే వినేవారికి తికమక తప్పదు. ‘మై వోట్ ఈజ్ ఇన్ మై విలేజ్’ అంటే మన దేశంలో మనకు తెలుస్తుంది గానీ, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న వ్యక్తికి ఓటు ఊళ్ళో ఉండడమేమిటో బోధపడదు. ‘ఐ యామ్ రిజిస్టర్డ్ టు వోట్ ఇన్ మై విలేజ్’ అనాలి. గల్లంతైన ఓటును ‘మై నేమ్ ఈజ్ మిస్సింగ్ ఫ్రమ్ ద వోటర్స్ లిస్ట్’ అనాలి, ఎందుకంటే పోయింది పేరు. మీ ఓటును వేరొకరు వేసేస్తే ‘సమ్‌వన్ ఎల్స్ హ్యాడ్ వోటెడ్ ఇన్ మై నేమ్’ అనాలి. తమ్ముడు ‘ఐ గాట్ వోట్’ అంటే, ఎన్నికల్లో నిలబడి ఓటు సంపాదించిన అభ్యర్థి మాట్లాడినట్టు ఉంటుంది. అతను చెప్పదలచుకున్నది ‘ఐ కెన్ వోట్ నౌ’ అనో, ‘ఐ యామ్ ఓల్డ్ ఎనఫ్ టు వోట్’ అనో అయి ఉండాలి. జాబితాలో పేరు చేరిందని చెప్పాలంటే ‘ఐ యామ్ నౌ ఎ రిజిస్టర్డ్ వోటర్’ అనాలి. ఇంకా చేరకుండా ఫారం 6 మాత్రమే నింపి ఉంటే ‘ఐ హ్యావ్ అప్లైడ్ టు రిజిస్టర్ యాజ్ ఎ వోటర్’ అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

హక్కు అన్న అర్థంలో ‘వోట్’ ఇంగ్లీషులో కూడా ఉంది, కానీ అప్పుడు దాని ముందు సాధారణంగా ‘ద’ వస్తుంది. న్యూజిలాండ్‌లో స్త్రీలకు 1893లోనే ఓటు హక్కు వచ్చింది. దాన్ని ‘విమెన్ గాట్ ద వోట్ ఇన్ 1893’ అంటారు. మన దేశంలో ఓటు వయస్సును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమలులోకి వచ్చింది కాబట్టి, ‘ఎయిటీన్-ఇయర్-ఓల్డ్స్ ఇన్ ఇండియా గాట్ ద వోట్ ఇన్ 1989’ అని రాయవచ్చు. మీ తమ్ముడి వాక్యానికీ దీనికీ తేడా ఆ ఒక్క ‘ద’ మాత్రమే కాదు. ఇది ఒక వర్గానికి చట్టం ఇచ్చిన హక్కు గురించి చెప్పే వాక్యం. ఒక్క మనిషి తన గురించి చెప్పుకునేటప్పుడు ‘ఐ కెన్ వోట్’ అన్నదే హాయిగా ఉంటుంది.

లెక్క చెప్పేటప్పుడు వచ్చే చిక్కు కూడా ఒకటుంది, దాన్ని వదలబుద్ధి కావడం లేదు. 2008లో రాజస్థాన్ శాసనసభ ఎన్నికల్లో నాథ్‌ద్వారా నియోజకవర్గంలో సి.పి. జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. గెలిచిన అభ్యర్థికి 62,216 ఓట్లు, ఆయనకు 62,215 ఓట్లు వచ్చాయి. తెలుగులో ‘ఒక్క ఓటుతో ఓడిపోయారు’, ‘62,215 ఓట్లతో ఓడిపోయారు’ అని రెండింటికీ ఒకే ‘తో’ వాడితే చదివేవారు సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు. ఇంగ్లీషు ఆ వెసులుబాటు ఇవ్వదు. తేడాను చెప్పడానికి ‘బై’, వచ్చిన మొత్తాన్ని చెప్పడానికి ‘విత్’. ‘హి లాస్ట్ బై వన్ వోట్’ అనాలి. ‘హి లాస్ట్ విత్ వన్ వోట్’ అంటే పాపం ఆయనకు వచ్చినదే ఒక్క ఓటు అని అర్థం. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం 269-270 తేడాతో ఓడిన సందర్భాన్ని ‘ద గవర్నమెంట్ లాస్ట్ ద కాన్ఫిడెన్స్ వోట్ బై వన్ వోట్’ అని రాయవచ్చు. ఆ వాక్యాన్ని ఒకసారి పరిశీలించండి. మొదటి ‘వోట్’ అంటే సభలో జరిగిన మొత్తం ఓటింగు, రెండో ‘వోట్’ అంటే ఒక్క సభ్యుడి ఓటు. అక్కడ మనం ‘విశ్వాస పరీక్ష’, ‘ఓటు’ అని రెండు వేర్వేరు మాటలు వాడతాం. అలాగే మొత్తం పోలైన ఓట్లలో ఒక పార్టీ వాటాను చెప్పేటప్పుడు ‘ఫార్టీ పర్సెంట్ ఆఫ్ ద వోట్’ అని ఏకవచనంలోనే రాస్తారు, చూసి అచ్చుతప్పు అనుకోవద్దు.

ఎన్నికలతో ప్రమేయం లేకుండా ఇంట్లోనూ ఆఫీసులోనూ ఈ మాట ఎలా తిరుగుతుందో కూడా తెలుసుకుంటే మీకు ధైర్యం వస్తుంది. మధ్యాహ్న భోజనానికి ఎక్కడికి వెళ్ళాలో మీ బృందం తర్జనభర్జన పడుతుంటే, ‘ఐ వోట్ వుయ్ ఆర్డర్ బిర్యానీ’ అనవచ్చు. అంటే ‘బిర్యానీ తెప్పిద్దామని నా అభిప్రాయం’. ఎవరైనా చెప్పినది మీకు నచ్చితే ‘దట్ గెట్స్ మై వోట్’ అనవచ్చు. మీరొక్కరే దోసెలు కావాలని, మిగిలిన నలుగురూ బిర్యానీ అంటే ‘ఐ వాజ్ అవుట్‌వోటెడ్’ అనవచ్చు. కళాశాల సభల్లో చివర జరిగే వందన సమర్పణ ‘వోట్ ఆఫ్ థ్యాంక్స్’లో ఎవరూ ఓటు వేయరు. సభ తరఫున కృతజ్ఞత తెలపమని ప్రతిపాదించడం కాబట్టి ‘ప్రపోజ్ ఎ వోట్ ఆఫ్ థ్యాంక్స్’ అనడం సంప్రదాయం. మన విద్యార్థులు చాలామంది ‘గివ్’ అంటారు, అలవాటు చేసుకుంటే ‘ప్రపోజ్’ మర్యాదగా వినిపిస్తుంది.

చివరగా ఉచ్చారణ గురించి. మీ సహోద్యోగి రెండోసారి అడగడానికి మిగిలిన సగం కారణం ఇది కావచ్చునని నా అనుమానం. ఇంగ్లీషు నుంచి ఈ మాటను తెచ్చుకున్నప్పుడు మనం మొదటి వకారాన్ని వదిలేసి ‘ఓటు’ చేసుకున్నాం. తెలుగు మాటలు ‘వో’తో మొదలుకావడం అరుదు కాబట్టి ఆ మార్పు మన భాషకు న్యాయమే. కానీ అదే అలవాటుతో ఇంగ్లీషు వాక్యంలోనూ ‘ఓట్’ అంటే, విదేశీయుడి చెవికి అది పొద్దున పాలలో వేసుకుని తినే ఓట్స్ గింజలా వినిపిస్తుంది. కింది పెదవిని పై పళ్ళకు తాకించి, గాలిని మెల్లగా వదులుతూ ‘వోట్’ అనండి. భూతకాలంలో చివరి భాగాన్ని మింగేయకుండా ‘వోటిడ్’ అని రెండు దెబ్బలుగా పలకండి. అద్దం ముందు నిలబడి పది రోజులు ‘ఐ వెంట్ హోమ్ టు వోట్’, ‘ఐ వోటెడ్ ఇన్ మై విలేజ్’ అన్న రెండు వాక్యాలనూ చదివితే నోరు తిరుగుతుంది. ఎవరికి వేశావని ఆ అమ్మాయి మళ్ళీ అడిగినప్పుడు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పాలనిపిస్తే ‘ఐ వోటెడ్ ఫర్’ అని మొదలుపెట్టండి, చెప్పాలనిపించకపోతే ‘ఐ వోటెడ్’ అని అక్కడితో ఆపినా అది పూర్తి వాక్యమే.